బండి సరే, దారేదీ?

"పదిహేను వేలలో మంచి సైకిల్ ఏది?" ఈ ప్రశ్నకి తెలుగులో ఇప్పుడు ఎన్ని జవాబులైనా దొరుకుతాయి. వీడియోల్లో దొరుకుతాయి, వాట్సాప్ గ్రూపుల్లో దొరుకుతాయి, ఆదివారం పొద్దున్న విజయనగరం కోట దగ్గర టీ తాగుతున్నవాళ్ళ కబుర్లలో దొరుకుతాయి. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా తొక్కుకుంటూ వెళ్ళి, లైట్‌హౌస్ ముందు ఫొటో దిగి వచ్చే కుర్రాళ్ళని అడిగినా చెప్తారు. సైకిల్ ఒక్కటేనా? హెల్మెట్, పంపు, ప్యాడెడ్ షార్ట్స్, లైటు, టెంటు, స్లీపింగ్ బ్యాగు, నీళ్ళ సీసా, ప్రతిదానికీ ఒక సలహా తయారుగా ఉంటుంది. ఐదారేళ్ళుగా ఇవన్నీ వింటున్నాను, కొన్ని పాటిస్తున్నాను, కొన్ని నేనూ ఇచ్చాను. ఇన్ని విన్నాక అనిపించేదేమిటంటే, దీనికి ఒక ప్రక్రియ అనదగ్గ రూపం వచ్చేసింది. దీనికో భాష ఉంది, ఒక గొంతు ఉంది, ఎత్తుగడ, ముగింపు ఉన్నాయి. కాబట్టి కథనీ కవిత్వాన్నీ చదివినట్టే దీన్నీ చదివి మంచిచెడ్డలు మాట్లాడుకోవచ్చు. ప్రస్తుతానికి దీన్ని "సిఫారసు" అని పిలుద్దాం.

నా అభ్యంతరం ముందే చెప్పేస్తాను. మన సిఫారసుల్లో వస్తువు ఉంటుంది, దారి ఉండదు. ఎవరు తొక్కారు, ఎక్కడ తొక్కారు, ఏ నెలలో తొక్కారు, ఏది ఎప్పుడు పాడైంది అన్నవి ఉండవు. అవి లేకపోతే మిగిలేది కంపెనీ అట్టపెట్టె మీద రాసినదే. అది చదువుకోడానికి మనకి ఇంకో మనిషి అక్కర్లేదు.

ముందు ఈ ప్రక్రియ భాష చూడండి. "కళ్ళు మూసుకుని తీసుకోండి బ్రో. బ్రేకు బాగా పడుతుంది. టైరు మంచి గ్రిప్ ఇస్తుంది. లాంగ్ రైడ్‌కి కంఫర్ట్‌గా ఉంటుంది. ఇంకో ఐదు వేలు పెట్టగలిగితే దీని పై మోడల్ చూడండి." ఆ ఐదు వేల నిచ్చెన గురించి తర్వాత మాట్లాడదాం. ఇక్కడ క్రియలు గమనించండి: పడుతుంది, ఇస్తుంది, ఉంటుంది. మన వ్యాకరణంలో దీన్ని తద్ధర్మం అంటారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, నిప్పు కాలుస్తుంది అన్నట్టు, ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే క్రియ. దానికి సాక్షి అక్కర్లేదు. "మొన్న ఆగస్టులో వంశధార గట్టు మీద వానలో బ్రేకు పట్టాను, బండి రెండు బారలు జారాక ఆగింది" అంటే అది వేరే వాక్యం. అందులో ఒక మనిషి ఉన్నాడు, ఒక చోటు ఉంది, ఒక రోజు ఉంది. కావాలంటే మనం వాదించొచ్చు: నీ బరువెంత, బ్రేకు ప్యాడ్లు ఎప్పుడు మార్చావు అని. "బ్రేకు బాగా పడుతుంది" అన్నవాణ్ణి ఏమని అడుగుతాం? భూతకాలం లేని గద్యం మన సిఫారసు గద్యం.

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి ఇంకో పోలిక వెంటనే తడుతుంది. ఎవరైనా బగ్ పట్టుకొస్తే, రాసినవాడు మొదట అనే మాట "నా సిస్టమ్‌లో బాగానే నడుస్తోందే". అబద్ధమేమీ కాదు, నిజంగానే నడుస్తుంది. కానీ వాడుకునేవాడి సిస్టమ్ వేరు. అందుకే బగ్ రాసేటప్పుడు ఏ మెషిన్, ఏ వెర్షన్, ఏం చేస్తే ఏమైంది అని రాయమంటాం. మా వృత్తిలో ఇంత గట్టిగా పట్టుబట్టే మనమే సాయంత్రం ఇంటికొచ్చి, పాలకొండ కుర్రాడికి బెంగళూరు రోడ్డు మీద నడిచిన బండిని కళ్ళు మూసుకుని కొనమంటాం.

* * *

తెలుగులో దారితో పాటు చెప్పే అలవాటు లేక ఇలా అయిందా అంటే, అదీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో దుబాషీ. 1830 మే 18న వందమంది దాకా పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరాడు. 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారిలో చూసినవన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాస్తూ వచ్చాడు. అదే 1838లో అచ్చయిన కాశీయాత్ర చరిత్ర. తిరుగు ప్రయాణంలో జగన్నాథం నుంచి గంజాం, శ్రీకాకుళం మీదుగా మన జిల్లాల్లోంచే దిగి వచ్చాడు.

ఆ పుస్తకాన్ని చరిత్ర కోసం చదివేవాళ్ళున్నారు, వచనం కోసం చదివేవాళ్ళున్నారు. నేను దాన్ని సిఫారసు కోసం చదువుతాను. ఒక మజిలీ చేరగానే ఆయన చూసేవి కొన్ని ఉన్నాయి. ఊరు ఎంత పెద్దది, బియ్యం పప్పు దొరుకుతాయా, నీళ్ళ వసతి ఎలా ఉంది, దిగడానికి చోటుందా, వచ్చిన బాట ఎలాంటిది. ఇవన్నీ రాస్తాడు. తర్వాత ఆ దారిన వచ్చేవాడికి అవి పనికొస్తాయని ఆయనకి తెలుసు. ఆయన పల్లకీ ఏ వడ్రంగి చేశాడో మనకి గుర్తుండదు. బాట గుర్తుంటుంది. దాదాపు రెండొందల ఏళ్ళ తర్వాత కూడా ఆ పుస్తకం తెరిచినవాడికి ఒక దారి కళ్ళముందు కనబడుతోందంటే కారణం ఆ పద్ధతే.

ఆ తర్వాత కూడా ఆ పద్ధతి చచ్చిపోలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఫైన్ ఆర్ట్స్ పాఠాలు చెప్పిన ఆచార్య మాచవరపు ఆదినారాయణ కాలినడకన తిరిగి "భ్రమణ కాంక్ష" రాశారు. పేరు చూడండి, కోరిక మీద ఉంది, సామాను మీద లేదు. పరవస్తు లోకేశ్వర్ "ఛత్తీస్‌గఢ్ స్కూటర్ యాత్ర" పేరులో వాహనమూ ఉంది, ప్రాంతమూ ఉంది. రెండూ పక్కపక్కన ఉండాల్సినవని ఆ పేరే చెప్తోంది. మన సైకిల్ సిఫారసులకి ఈ వరస నుంచి నేర్చుకునే అవకాశం ఉంది. కానీ అవి పుట్టింది ఈ వరసలో కాదు, ఇంగ్లీషు వీడియోల తర్జుమాలో. తర్జుమాలో మొదట రాలిపోయేది ఊరే.

* * *

ఊరు రాలిపోతే ఏమవుతుందో నాలుగైదు వస్తువుల మీద చూద్దాం.

మొదటిది గాలి. ఇప్పుడొచ్చే రోడ్డు బైకుల చక్రాలకి ఎక్కువగా ప్రెస్టా వాల్వు ఉంటుంది, సన్నగా పొడుగ్గా. మోటారు సైకిళ్ళకి, కార్లకి ఉండేది ష్రేడర్ వాల్వు, మన భాషలో మోటారు సైకిల్ పిన్ను. పాత నల్ల సైకిళ్ళకి ఉండేది మూడో రకం, లోపల రబ్బరు గొట్టం తొడిగిన వాల్వు. చీపురుపల్లిలోనో రాజాంలోనో పంక్చర్ షాపు ముందు ప్రెస్టా చక్రంతో నిలబడితే "ఇదేటి బాబూ, మా పంపు దీనికి పట్టదు" అంటాడు. ఆయన తప్పు లేదు. పది రూపాయల వస్తువుల పక్కన పెట్టి అమ్మదగ్గ ఇత్తడి అడాప్టర్ ఒకటి వాల్వుకి బిగిస్తే పెట్రోల్ బంకులో గాలి పట్టొచ్చు. ఇరవై నిమిషాల సైకిల్ వీడియోలో ఫ్రేము బరువు గ్రాముల్లో చెప్తారు. ఈ వేలెడంత ఇత్తడి ముక్క గురించి చెప్పరు. పంపులున్న నగరంలో అది గుర్తుకు రాదు మరి.

రెండోది టైరు. 700సి అని రాసి ఉండే రోడ్డు బైకు చక్రాన్నీ, పాలవాళ్ళ నల్ల సైకిల్ చక్రాన్నీ రెండింటినీ 28 అంగుళాలే అంటారు. కానీ టైరు కూర్చునే రిమ్ము కొలత మొదటిదానికి 622 మిల్లీమీటర్లు, రెండోదానికి 635. పదమూడు మిల్లీమీటర్ల తేడా. ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. అంటే మీ టైరు చిరిగితే పాలకొండ సంతలో పది సైకిల్ షాపులున్నా లాభం లేదు. "స్పేర్ టైర్ ఎక్కడ దొరుకుతుంది" అన్న ప్రశ్న లేని సిఫారసు సగం సిఫారసే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. చాలాకాలం పాటు సన్న టైరే వేగం అని నమ్మారు. 23 మిల్లీమీటర్ల టైరులో రాయిలా గాలి నింపి తొక్కడం గొప్పగా ఉండేది. 2000ల మధ్య నుంచి అమెరికాలో యాన్ హైనె నడిపే బైసికిల్ క్వార్టర్లీ లాంటి పత్రికలు టైర్లని రోడ్డు మీద పెట్టి కొలవడం మొదలుపెట్టాయి. గరుకు రోడ్డు మీద వెడల్పు టైరు, తక్కువ గాలి నెమ్మదేమీ కాదని తేలింది. ఎగుడుదిగుళ్ళకి ఒళ్ళు ఊగిపోవడంలోనే శక్తి పోతుందట. మెల్లగా పందెం బళ్ళు కూడా 25కి, 28కి వచ్చాయి. ఇప్పుడు గ్రావెల్ బైకు పేరుతో 40 మిల్లీమీటర్ల టైరు కొత్త విషయంగా అమ్ముతున్నారు. మన నల్ల సైకిల్ టైరు వెడల్పు ఎంతనుకున్నారు? 28 బై ఒకటిన్నర అంటే సుమారు 40 మిల్లీమీటర్లే. పాలవాడి బండే గొప్పదని దీనర్థం కాదు. ఇరవై కిలోల బరువు, కడ్డీల బ్రేకు, ఒకే గేరు దానికున్నాయి. కానీ ఎర్రమట్టి, గుంటలు, ఇసుక కలిసిన రోడ్డుకి ఎంత వెడల్పు టైరు కావాలో తెలుసుకోడానికి మనం సియాటిల్ దాకా వెళ్ళొచ్చాం. మన వీధిలో రోజూ పొద్దున్నే ఆ టైరు వెళ్తూనే ఉంది. ఆ బండి మీద వెళ్ళే మనిషిని ఎవరూ రివ్యూ అడగలేదు.

మూడోది బట్ట. చలికొండలు ఎక్కేవాళ్ళలో ఒక సామెత ఉంది, కాటన్ ప్రాణం తీస్తుంది అని. అక్కడ అది నిజం. నూలుబట్ట తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది, మంచులో మనిషి చచ్చిపోతాడు. ఆ సామెత మన దగ్గరికి దారి లేకుండా వచ్చింది. మే నెలలో శ్రీకాకుళంలో తొక్కేవాడికి కూడా కాటన్ వేసుకోవద్దు, పాలిస్టర్ జెర్సీ కొనుక్కో అంటున్నారు. తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తే మనకి అంతకన్నా కావలసిందేముంది? నడుము కిందకి మాత్రం వాళ్ళు చెప్పిందే సరైంది, తడి నూలు తొడల దగ్గర ఒరుసుకుని పుండు పడుతుంది. చొక్కా సంగతి వేరు. శ్రీకాకుళానికి దగ్గర్లోనే పొందూరు ఉంది. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, 100 కౌంటు సన్న నూలు తీసి నేసే ఖద్దరు ఊరు. పొందూరు చొక్కా వేసుకుని సైకిల్ తొక్కమని నేననడం లేదు, దాని ఖరీదు చూస్తే చెమటకి అప్పగించబుద్ధి కాదు. ఈ ఎండకి, ఈ ఉక్కకి ఏ బట్ట పనికొస్తుందో వందేళ్ళకి పైగా ఆలోచించిన మనుషులు పక్కనే ఉండగా, ఆ ప్రశ్నకి జవాబు మంచుకొండ నుంచి తెచ్చుకున్నాం అంటున్నాను.

టెంటు గురించి ఎక్కువ చెప్పను. రెండు పొరల టెంటు, సున్నా డిగ్రీల స్లీపింగ్ బ్యాగు కొని బారువ ఒడ్డున ఒక రాత్రి పడుకున్నవాడికి నేను చెప్పక్కర్లేదు. మన తీరానికి కావలసిన క్యాంపింగ్ సామాను దోమతెర, చాప. మిగతాదానికి బడి వరండానో గుడి మండపమో ఉంటుంది, అడగడం తెలిస్తే. అడగడం కూడా సామానే. దాని గురించి ఏ జాబితాలోనూ ఉండదు.

* * *

ఇంతవరకూ చదివి, ఇతను బయటి సరుకంటే పడనివాడు, పాత సైకిలే బంగారం అంటాడు అనుకోకండి. దారిని అడిగితే ఒక్కోసారి అది బయటి సరుకే కావాలంటుంది. సాలూరు దాటి, పాచిపెంట మీదుగా ఒడిశాలో సుంకి వైపు ఎక్కే ఘాట్ రోడ్డు ఉంది కదా. అక్కడ ఒకే గేరున్న బండిని తోసుకుంటూ ఎక్కాల్సిందే. పక్కనే సాలూరు లారీలు మూలుగుతూ ఎక్కుతుంటాయి. ఆ రోడ్డుకి వెనక పెద్ద పళ్ళచక్రం, ముందు చిన్నది, గేర్లు మార్చే డిరైలర్ కావాలి. వాటికి ఎంత పెట్టినా దండగ కాదు.

ఆ డిరైలర్ పుట్టుక కూడా ఒక కొండదారి కథే. ఫ్రాన్స్‌లో సెంటెచెన్ ఊళ్ళో పాల్ ద వివీ అనే ఆయన ఉండేవాడు (1853–1930). వెలోసియో అనే పేరుతో రాసేవాడు. 1887 నుంచి లె సిక్లిస్త్ అనే పత్రిక నడిపాడు. ఊరి పక్కనే గ్రాంబ్వా కొండ. ఆయన కొత్త గేరు అమరిక ఏది వచ్చినా ఆ కొండ ఎక్కి చూసేవాడు, ఎలా ఎక్కిందో పత్రికలో రాసేవాడు. ఆ రోజుల్లో గేర్లు ఆడవాళ్ళకీ ముసలివాళ్ళకీ అని వెక్కిరించేవాళ్ళు. టూర్ ద ఫ్రాన్స్ పెట్టిన ఆంరీ దెగ్రాంజ్ తన పందెంలో వాటిని రానివ్వలేదు. పందెగాళ్ళు కొండ కింద దిగి, వెనక చక్రం ఊడదీసి తిప్పి బిగించుకునేవాళ్ళు. 1937లో గానీ ఆ పందెంలో డిరైలర్‌కి అనుమతి దొరకలేదు. వెలోసియో అప్పటికి చనిపోయి ఏడేళ్ళు. ఆయన సిఫారసు ఎందుకు నిలబడిందంటే, దానికింద ఒక కొండ ఉంది. ఎవరికైనా అనుమానం వస్తే వెళ్ళి ఎక్కి చూసుకోవచ్చు.

మనకి సుంకి ఘాట్ ఉంది. వెలోసియోలే లేరు.

* * *

ఇవన్నీ డబ్బుకి, సౌకర్యానికి సంబంధించినవి. సిఫారసులో దారి లేకపోవడం ఒంటి మీదకి వచ్చే సందర్భం ఒకటుంది.

బ్రెవే అని పిలిచే దూరపు రైడ్‌లు మన దగ్గరా పాపులర్ అయ్యాయి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 600 నలభై గంటల్లో పూర్తి చేయాలి. వీటికి వెళ్ళేవాళ్ళకి ఇచ్చే సలహాల్లో రెండు తరచూ వింటాను. ఒకటి, నీళ్ళ సీసాలు రెండా మూడా, ఏ కంపెనీ ఎలక్ట్రొలైట్ పొడి. రెండోది కాస్త గొంతు తగ్గించి చెప్తారు: "బయలుదేరే ముందు ఒక పెయిన్ కిల్లర్ వేసేసుకోండి, మోకాళ్ళు తెలియవు."

ఇప్పుడు ఆ రోడ్డు ఎక్కడిదో చూడండి. పలాస, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం. జాతీయ రహదారికి అటు జీడి, ఇటు కొబ్బరి. ఉద్దానం. చూడ్డానికి ఇంతకన్నా చల్లటి రోడ్డు మన జిల్లాలో లేదు. ఏళ్ళ తరబడి ఇక్కడ ఇంటింటా కిడ్నీ రోగులు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నేల నీళ్ళు, ఎండలో పనిచేసేటప్పుడు ఒంట్లో నీరు తగ్గిపోవడం, నొప్పి మాత్రలు ఎడాపెడా మింగడం, ఇవన్నీ పరిశోధకుల అనుమానాల్లో ఉన్నవే. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి ఈ ఊళ్ళకి పైపుల్లో నీళ్ళు తెచ్చే పథకమూ అప్పుడే. ఉద్దానం సంగతి తేలినా తేలకపోయినా, వైద్యంలో అనుమానం లేని విషయం ఒకటుంది: ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకి నేరుగా చేటు చేస్తాయి. పన్నెండు గంటలు ఎండలో తొక్కేవాడి ఒంట్లో ఉండేది సరిగ్గా ఆ పరిస్థితే.

ఈ రోడ్డు పేరు చెప్పి సలహా ఇచ్చేవాడు ఆ మాత్ర మాట ఎత్తగలడా? ఎత్తలేడు. దారి పేరు నోట్లోకి రాగానే ఆ ఊళ్ళు గుర్తొస్తాయి, మాట ఆగిపోతుంది. ఆ సలహా బతుకుతున్నదే దారి పేరు లేకపోవడం వల్ల. నీళ్ళ సీసా సంగతీ అంతే. మనం ఎన్ని సీసాలు అని లెక్కపెడుతుంటే, అక్కడి జీడితోటలో పనిచేసే మనిషి ఏ నీళ్ళు అని అడుగుతోంది. ఆ ప్రశ్న వినకుండా ఆ రోడ్డు మీద నుంచి వెళ్ళిపోవడం సాధ్యమే, రోజూ జరుగుతోంది. ఆ రైడ్ గురించి రాసేటప్పుడు కూడా వినకపోతే మాత్రం అది చెడ్డ గద్యం.

* * *

ఎవరు మాట్లాడుతున్నారు అన్నది విమర్శలో పాత ప్రశ్న. ఇక్కడా అడగాలి. మన సిఫారసుల్లో "సైక్లిస్ట్" అంటే హెల్మెట్ పెట్టుకుని, పొద్దున్నే బయలుదేరి, తొమ్మిదింటికి ఇంటికొచ్చి ఇడ్లీ తినేవాడు. క్యారియర్‌కి అటో క్యాను ఇటో క్యాను కావడిలా కట్టుకుని పాలు పోసేవాడికి ఆ మాట వర్తించదు. తెల్లారకముందే రేవు నుంచి చేపల బుట్ట తెచ్చేవాడు సైక్లిస్ట్ కాడు. బరువు రెండు వైపులా సమంగా ఎలా కట్టాలి, వెనక చక్రం చువ్వలు ఎందుకు ముందు తెగుతాయి, ఉప్పుగాలికి చైను తుప్పు పట్టకుండా ఏం రాయాలి అన్నవి వాళ్ళకి బతుకుతెరువు. మనం అవే విషయాలు ప్యానియర్, స్పోక్ టెన్షన్, వెట్ ల్యూబ్ అనే పేర్లతో కొత్తగా నేర్చుకుంటున్నాం. పేర్లు మారడంతో ఇద్దరి మధ్య సంభాషణే పోయింది.

ఆడపిల్లల మాటయితే ఇంకా తక్కువ. బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకి సైకిళ్ళు ఇచ్చారు. సీతంపేట వైపు, గుమ్మలక్ష్మీపురం వైపు బడి దూరమైన ఊళ్ళ పిల్లలకి ఆ బండి ఏమిటో వేరే చెప్పాలా? సీటు ఎత్తు ఎంత ఉండాలి, లంగా ఓణీయో చుడీదారో చైనులో పడకుండా ఏం చేయాలి, సీటు ఒరుసుకుని నొప్పి పుడితే ఎవరిని అడగాలి? మన దగ్గర లీటర్ల కొద్దీ ఉన్న సీటు జ్ఞానంలో ఒక్క చుక్క కూడా ఆ పిల్లకి అందదు. వినేవాడు మగవాడు, ఉద్యోగస్తుడు, ఇంకో ఐదు వేలు పెట్టగలవాడు అని ఈ ప్రక్రియ ముందే తేల్చేసుకుంది. ఆ ఐదు వేల నిచ్చెన సంగతి అదీ. ఎక్కగలిగినవాడి కోసమే వేసిన నిచ్చెన.

దీనికి ఒక జవాబు ఉంది, సబబైనదే. ఇది సరదా కదా, సరదాలో ఇంత సామాజిక న్యాయం వెతకాలా అని. కొత్త బండి ముందు కూర్చుని గేర్ల పేర్లు చదువుకోవడంలో ఆనందం ఉంది. క్లారిస్ ఎనిమిది, సోరా తొమ్మిది అని లెక్కేసుకోవడం నాకూ ఇష్టమే. వీణ కొనేవాడు బొబ్బిలి వెళ్ళి పనస కర్రని తట్టి చూసుకోవడంలో ఉండే ఆనందం లాంటిదే అది. కాదనను. కానీ పదిహేను వేలు అందరికీ సరదా డబ్బు కాదు. రాజాంలో మొదటి జీతం తీసుకున్న కుర్రాడికి అది ఒక నెల. వాడు మన మాట నమ్మి కొంటాడు. ఆరు నెలల తర్వాత టైరు దొరక్క బండి మేడ మీద పడి ఉంటే, సైకిలంటేనే వాడికి విరక్తి. సలహా ఇచ్చినవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు, అప్పటికి వాడు ఇంకో బండి పెట్టె విప్పుతుంటాడు. పుస్తక సమీక్షల్లో కూడా మనకి ఈ జబ్బుంది. ఆవిష్కరణ రోజున రాసేవే ఎక్కువ. ఐదేళ్ళ తర్వాత ఆ పుస్తకం ఎలా ఉందో రాసేవాళ్ళు తక్కువ.

* * *

మంచి సిఫారసు ఎలా ఉంటుందో చెప్పకుండా ఇంత విమర్శ చేయడం న్యాయం కాదు. నా ప్రయత్నం ఇది. విజయనగరం నుంచి గరివిడి, చీపురుపల్లి, రాజాం మీదుగా పాలకొండ వెళ్ళే రోడ్డు గురించి.

నా బరువు 74 కిలోలు. ఈ రోడ్డు మీద రెండు వర్షాకాలాలు, ఒక ఎండాకాలం తొక్కాను. మొదట 28 టైరు ఉండేది, దాంతో గరివిడి ఫ్యాక్టరీల దగ్గర లారీలు పాడుచేసిన ముక్కలో రెండుసార్లు రిమ్ము తగిలి ట్యూబు కోసుకుపోయింది. 38 వేశాక ఆ బాధ తప్పింది. వేగం తగ్గినట్టు నాకు తెలియలేదు. ప్రెస్టా ట్యూబులకి ఇత్తడి అడాప్టర్ తాళంచెవుల గుత్తిలో పెట్టుకున్నాను, బంకుల్లో గాలి పట్టింది. చైనుకి వాడిన డ్రై ల్యూబ్ జూలైలో ఒక్క వానకి కడుక్కుపోయింది, తర్వాత కుట్టుమిషన్ నూనె రాశాను, ప్రతి ఆదివారం తుడిచి మళ్ళీ రాయాల్సి వచ్చింది. పాలిస్టర్ జెర్సీ మే నెలలో మానేశాను. హెల్మెట్ మానలేదు. వెనక లైటు పగలు కూడా వెలిగించాను, ఈ రోడ్డు మీద బస్సులు దగ్గరగా వస్తాయి. ప్యాడెడ్ షార్ట్స్ కుట్లు పద్నాలుగు నెలలకి ఊడాయి, మా వీధి దర్జీ వేశాడు, ఇంకా నడుస్తున్నాయి. బ్రేకు కేబుల్ ఒకసారి రాజాంలో తెగింది, స్కూటర్ కేబుల్ కత్తిరించి వేశారు, ఇంటిదాకా వచ్చాను. నొప్పి మాత్ర వేసుకోలేదు. మోకాలు నొప్పి పుట్టినప్పుడు బస్సెక్కాను, కండక్టర్ సైకిల్ పైకి ఎక్కించనిచ్చాడు.

ఇందులో ఏ మోడల్ కొనాలో చెప్పలేదని మీరనొచ్చు. ఈ రోడ్డు ఇలాంటిదని తెలిశాక దుకాణంలో ఏది చూడాలో చదివినవాడికే తెలుస్తుంది. విశాఖ వెళ్ళి పెద్ద షోరూములో కొంటాడో, సెకండ్ హ్యాండ్ కొంటాడో, ఇంట్లో మూలపడ్డ బండికి టైర్లు మార్చుకుంటాడో వాడిష్టం.

శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో కథానిలయం మొదలుపెట్టారు. తెలుగులో వచ్చిన ప్రతి కథా ఒకచోట ఉండాలని పత్రిక పత్రికా వెతికి పోగుచేశారు. ఏ కథ గొప్పదో తర్వాత చూసుకోవచ్చు, ముందు ఏమేం ఉన్నాయో తెలియాలి అన్న ఓపిక అది. మన రోడ్లకి ఆ ఓపిక కావాలి. ఏ ఊళ్ళో ఏ పిన్నుకి గాలి పడుతుంది, ఎక్కడ ఏ టైరు దొరుకుతుంది, ఎక్కడ చువ్వ వేసే మనిషి ఉన్నాడు, ఎక్కడ మంచినీళ్ళు, ఏ నెలలో ఏ రోడ్డు మునుగుతుంది. రాసేవాళ్ళు రాయండి. పలాస నుంచి టెక్కలి ముక్క నాకు సరిగా తెలియదు, ఎవరైనా తొక్కి ఉంటే ముందు అది రాయండి.